రైల్లో ఒకే బల్ల దగ్గర

ఉత్తర ఇండియానాలోని మా ఆమిష్ పల్లెల్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా ముందు డాక్టరుకు కాదు, వెర్నా ష్లాబాక్‌కు కబురు వెళ్ళేది. మాది పాతకాలపు పద్ధతులు వదలని క్రైస్తవ సంఘం; మేం కార్లు నడపం, విమానం ఎక్కం. వైద్యానికి కాలిఫోర్నియా దాకా పోవాలంటే షికాగోలో రైలు మారి రెండు రాత్రులు కూర్చోవలసిందే. ఆ ప్రయాణం వెర్నాకు సొంత వంటిల్లంత అలవాటు. ఏ పెట్టెలో చలి ఎక్కువ, ఏ స్టేషన్లో కాళ్ళు సాగదీసుకోవడానికి దిగవచ్చు, ఏ కండక్టరు మంచినీళ్ళు అడిగితే విసుక్కోడు, అన్నీ ఆమెకు తెలుసు. తలమీద తెల్ల టోపీ, భుజాన నల్ల శాలువా, చేతిలో రొట్టెల సంచి. పక్క సీటువాళ్ళ అల్లుళ్ళ సంగతులు కూడా కాన్సాస్ దాటేలోపు రాబట్టేది. ఆమె నవ్విందంటే పెట్టెలో సగంమంది వెనక్కి తిరిగి చూసేవారు.

అయితే ఆమె అన్నిసార్లు రైలెక్కడానికి కారణం రోగులు మాత్రమే కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనేవారు కాదు. షికాగోలో ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కే మధ్య నాలుగైదు గంటలు ఖాళీ దొరుకుతుంది. ఆ నగరంలో ఆమె చెల్లెలు సలోమా ఉండేది.

సలోమాకు వెలి పడింది.

మాలో వెలి అంటే మాటలు మానెయ్యడం కాదు. మాట్లాడవచ్చు. సాయం చెయ్యవచ్చు. జబ్బు చేస్తే పక్కన కూర్చుని సేవ చెయ్యవచ్చు. వెలిపడిన మనిషితో ఒకే బల్ల దగ్గర తినకూడదు, ఆ మనిషి చేతి నుంచి ఏదీ అందుకోకూడదు. ఇంతేనా అనిపిస్తుంది వినేవాళ్ళకు. అక్కాచెల్లెళ్ళ మధ్య నుంచి ఆ రెండూ తీసేస్తే ఏం మిగులుతుందో అనుభవించినవాళ్ళకే తెలుసు.

మా బాప్తిస్మం పసిబిడ్డలకు ఇచ్చేది కాదు. పెద్దయ్యాక ఎవరికి వారు మోకరించి, సంఘం ముందు మాట ఇవ్వాలి. మాట ఇవ్వకుండా ఊరు వదిలి పోయినవాళ్ళకు వెలి లేదు. వాళ్ళు పెళ్ళిళ్ళకు వస్తారు, అందరి పక్కనా కూర్చుని తిని పోతారు. ఇచ్చాక పోయినవాళ్ళకే శిక్ష. వెర్నా బాప్తిస్మం తీసుకున్న ఏడు సలోమాకు దాని మీద మనసు లేదు. ఎనిమిదో తరగతితో ఆగిన చదువు మళ్ళీ మొదలుపెట్టి నర్సు కావాలని ఆ పిల్ల కోరిక. వెంటపడింది వెర్నాయే. "అంతమందిలో నేనొక్కదాన్నే మోకరించాలంటే సిగ్గేస్తుందే, నువ్వూ రావే" అని బతిమాలింది. సలోమా వచ్చింది. అక్క పక్కనే మోకరించింది. ఏడాది తిరక్కుండానే షికాగో వెళ్ళిపోయింది.

ఆ బతిమాలిన మాట వెర్నా గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. సలోమా మాత్రం ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు.

స్టేషన్లో ఆ పెద్ద హాలు బెంచీల దగ్గర సలోమా ముందే వచ్చి నిలబడేది. ప్యాంటూ చొక్కా, కత్తిరించిన జుట్టు. వెంట వచ్చిన రోగిని బెంచీ మీద పడుకోబెట్టి, పక్కవాళ్ళకు అప్పగించి, ఇద్దరూ ఊరి మీద పడేవారు. సరస్సు ఒడ్డు, తలమీదుగా పోయే రైళ్ళు, జంతువుల తోట, మంచులో వెలిగే దుకాణాలు. ఆ నగరాన్ని వెర్నా ముక్కలు ముక్కలుగా, ఒక్కో ప్రయాణంలో ఒక్కో వీధి చొప్పున చూసింది. ఆకలేస్తే బండి దగ్గర సాసేజ్ రొట్టెలు. ఎవరిది వాళ్ళు కొనుక్కుని, నీళ్ళవైపు తిరిగి, నిలబడి తినేవారు.

"నిలబడి తింటే బల్ల లేదు. బల్ల లేకపోతే తప్పు లేదు. మన బిషప్ ఈ సంగతి ఆలోచించి ఉండడక్కా" అనేది సలోమా.

"ఆలోచించేలోపు తినెయ్యి, నోరు మూసుకుని" అనేది వెర్నా.

ఒక వేసవిలో ఊరి చివరి టెలిఫోను గదికి వెర్నా కోసం కబురు వచ్చింది. సలోమా కడుపులో గడ్డ. ముదిరిపోయింది. కూతురు కారొల్ లాస్ ఏంజిలెస్‌లో ఉంటుంది, చివరి రోజులకు తన దగ్గరికి రమ్మంటోంది.

"విమానంలో నాలుగు గంటలట" అంది సలోమా ఫోనులో. "రైల్లో వస్తానని చెప్పాను. నీకు మతి పోయిందా అంది."

"పోయినట్టే ఉంది. రైలెందుకే, ఆ ఒంటితో?"

"నువ్వు విమానం ఎక్కవుగా."

"నేనెందుకు ఎక్కాలి?"

"నన్ను దింపడానికి వస్తున్నావు కనక."

అలా నలభై ఏళ్ళ తరవాత వాళ్ళిద్దరూ రెండు రాత్రులూ ఒక పూర్తి పగలూ ఒకచోట గడిపారు. షికాగోలో మధ్యాహ్నం రైలు కదిలింది. టిక్కెట్లు సలోమా దగ్గర ఉన్నాయి. ఆమె వాటిని సీటు మీద పెట్టింది. వెర్నా సీటు మీద నుంచి తీసుకుంది. ఇద్దరికీ ఎంత అలవాటంటే, ఆ పని చేస్తూ మాట కూడా ఆపలేదు.

సాయంత్రం భోజనాల పెట్టెలోకి వెళ్ళారు. అక్కడ సర్వరు క్లీవ్ అనే భారీ మనిషి, అందరినీ చమత్కారంగా పలకరిస్తూ కూర్చోబెడుతున్నాడు. వీళ్ళిద్దరికీ ఎదురెదురుగా చోటు చూపించాడు. వెర్నా కూర్చోలేదు.

"నేను దారికి అవతలి బల్ల దగ్గర కూర్చుంటాను బాబూ."

"అదేంటమ్మా, ఇద్దరూ ఒకే ముక్కు, ఒకే గడ్డం. అక్కాచెల్లెళ్ళు కదూ? పోట్లాడుకున్నారా?"

"పోట్లాడి చాలా ఏళ్ళయింది. ఆవిడ గెలిచింది" అంది సలోమా.

క్లీవ్ నవ్వి, వెర్నాను అవతల ముగ్గురు కొత్తవాళ్ళ మధ్య కూర్చోబెట్టాడు. మా ఇళ్ళల్లో వెలిపడిన బిడ్డ వస్తే రెండు బల్లలను చేరువగా వేసి, మధ్యలో నాలుగు వేళ్ళ సందు వదిలి, రెండింటి మీదా ఒకే బల్లగుడ్డ పరుస్తారు. చూసేవాళ్ళకు ఒకే బల్ల, దేవుడికి రెండు. రైల్లో బల్లలు నేలకు బిగించి ఉంటాయి. మధ్య దారిలో మనుషులు తిరుగుతూనే ఉంటారు. సలోమా ఏదో అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డొచ్చేవారు.

మర్నాడు సాయంత్రం ఆల్బుకర్కీలో రైలు చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫాం మీద పూసల దండలు అమ్మేవాళ్ళు గుడ్డలు పరిచి కూర్చున్నారు. వెర్నా ప్రతి గుడ్డ దగ్గరా ఆగి ఆ పూసలు ఏ రాయివో, ఎవరు గుచ్చారో అడుగుతూ పోతోంది. సలోమా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. వెర్నా వెనక్కి వచ్చింది.

"అక్కా, ఒకటి అడుగుతా. కాదన్నా కోపం లేదు."

"అడుగు."

"ఇవాళ రాత్రి భోజనం రైల్లో మనకి ఆఖరుది. తెల్లారితే ఊరొచ్చేస్తుంది. ఒక్కసారి నా ఎదురుగా కూర్చుని తిను."

వెర్నా శాలువా సర్దుకుంది. చూసేవాళ్ళు లేకపోయినా, తింటే ఇంటికెళ్ళి తానే చెప్పుకుంటుంది. నిజం దాచడం ఆమెకు చేతకాదు. సంఘమంతా చూస్తుండగా మోకరించాలి. అది కష్టం కాదు. చేసినదానికి పశ్చాత్తాపపడుతున్నానని నోటితో అనాలి. చెల్లెలితో ఒక పూట తిన్నందుకు విచారిస్తున్నానని ఎలా అంటుంది? అనకపోతే తనకూ వెలే. ఆపైన తన కొడుకులూ కోడళ్ళూ బల్లల మధ్య సందు వదిలి గుడ్డ పరుస్తారు. సలోమాకు ఇదంతా తెలుసు. తెలిసే అడిగింది.

భోజనాల పెట్టెలో క్లీవ్ ఇద్దరికీ చెరో వైపు చోటు చూపించబోయాడు. "వద్దు బాబూ, ఇక్కడే" అంది వెర్నా. సలోమాకు ఎదురుగా కూర్చుంది. సంచిలోంచి ఇంట్లో చేసిన ఆపిల్ జామ్ సీసా తీసి ఇద్దరికీ మధ్యన పెట్టింది. చిన్నప్పుడు సలోమా ఆ జామ్ కోసం గిన్నె అడుగు గోకేది. రొట్టెలు, కోడికూర, మెత్తగా మెదిపిన బంగాళాదుంప వచ్చాయి. ఇద్దరూ తలలు వంచి మౌనంగా ప్రార్థన చేశారు. వెర్నా చెంచా ఎత్తింది.

సలోమా అక్క చేతినీ, ఆ చెంచానూ చూసింది. చాలాసేపు చూసింది. పళ్ళెం కొంచెం పక్కకు జరిపింది.

"గొంతు దిగడం లేదక్కా."

"మధ్యాహ్నం సూప్ తాగావుగా."

"మధ్యాహ్నం సంగతి వేరు. నువ్వు తిను. నేను చూస్తూ కూర్చుంటా."

"ఒక్క ముక్క తినవే. నీకోసమే కదా కూర్చున్నాను."

"కూర్చున్నావుగా. చాలు."

వెర్నా తిన్నది. ఏం తిన్నదో తెలియలేదు. సలోమా రొట్టెను కాగితపు రుమాల్లో చుట్టి జేబులో వేసుకుంది. జామ్ సీసాను బల్ల మీదే అక్కవైపు తోసింది. బయట ఎర్రరాళ్ళ గుట్టలు చీకటిలో కలిసిపోతున్నాయి. సలోమా వాటి గురించే మాట్లాడింది.

తెల్లవారుతుండగా వెర్నాకు మెలకువ వచ్చింది. కిటికీ బయట ఎడారి బూడిదరంగులో ఉంది. సలోమా పక్క సీట్లో అటు తిరిగి కూర్చుని ఉంది. రాత్రి రొట్టె ఒళ్ళో పెట్టుకుని, వెర్నా సంచిలోని సీసా తెరిచి, చెంచాతో జామ్ రాసుకుని తింటోంది. మెల్లగా, బాగా నములుతూ. గొంతు దిగుతూనే ఉంది.

వెర్నా కళ్ళు మూసుకుంది. సీసా మూత తిప్పిన చప్పుడు, సీసా మళ్ళీ సంచిలో పెట్టిన చప్పుడు విన్నది. చెల్లెలు పిలిచేదాకా నిద్ర నటించింది.

స్టేషన్లో కారొల్ చక్రాల కుర్చీతో వచ్చింది. సలోమా కూర్చుని, పైకి చూసి, "తిరుగు రైల్లో అటు తిరిగి పడుకో అక్కా, గురక పెడతావు" అంది. అదే ఆఖరి మాట. ఆకులు రాలే కాలంలో టెలిఫోను గదికి కారొల్ నుంచి కబురు వచ్చింది.

అంతకు ముందే, ఊరు తిరిగి వచ్చిన వారంలో, వెర్నా బిషప్ మెల్విన్ ఇంటికి వెళ్ళింది. ఆయన కొట్టంలో గుర్రానికి నాడాలు చూసుకుంటున్నాడు.

"చెల్లెలితో ఒకే బల్ల దగ్గర కూర్చున్నాను. మోకరించమంటే మోకరిస్తాను."

"కలిసి తిన్నారా?"

"నేను తిన్నాను. అది తినలేదు."

ఆయన గుర్రం కాలు కిందికి దించి, చేతులు తుడుచుకున్నాడు. "రోగి పక్కన కూర్చున్నావు. అందులో తప్పేముందమ్మా, ఇంటికెళ్ళు" అన్నాడు.

వెర్నా కదలలేదు. ఆయన ఆమె మీద జాలితో చెప్పాడేమో కాని, ఆమె అక్కడికి వచ్చింది జాలి కోసం కాదు. సంఘం ముందు నిలబడి, నేను దానితో తిన్నాను, అందుకు విచారించను అనడానికి దారి పొడుగునా మాటలు కూడగట్టుకుని వచ్చింది. తన ఎదుట తినకుండా ఉండి, ఆ మాటలు సలోమా ముందే లాగేసుకుంది. ఇక చెప్పుకోవడానికి తప్పే లేదు.

ఇంటికొచ్చి, ప్రయాణం నుంచి అలాగే ఉన్న సంచి విప్పింది. జామ్ సీసాలో రెండు వేళ్ళ మేర తగ్గి ఉంది. లోపల చెంచా అలాగే ఉంది, కడగలేదు. కోడలు చూసి, "ఎంగిలిది అత్తయ్యా, పారేస్తాను ఇవ్వండి" అని చెయ్యి చాపింది.

"నాదే" అంది వెర్నా. బల్ల దగ్గర కూర్చుంది. రొట్టె కోసుకోకుండా, ఆ చెంచాతోనే, సీసా అడుగు కనిపించేదాకా తిన్నది.