సైరన్ మోగినాక గుమ్మంలో

నిన్న మా మనవరాలు, ఇంకా రెండేళ్ళు నిండని పిల్ల, నా కళ్ళజోడు ముక్కున పెట్టుకుని, నాలాగే ఉస్సురుమంటూ కుర్చీలో కూలబడింది. ఇల్లంతా నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగాను. పసిపిల్లలు మనల్ని చూసి చేసే చేష్టలంటే నాకు చాలా ఏళ్ళుగా బెదురు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గోదావరిఖని కంపెనీ క్వార్టర్లలో ఉండి, నేను బొగ్గుబాయిలో దిగే రోజులవి. పొద్దుటి షిఫ్టు అయ్యాక, మాలో చాలామంది చేసినట్టే, తిన్నగా ఇంటికి పోకుండా ఛాయ్ హోటల్లో దోస్తులతో గంటో రెండు గంటలో కూర్చుని, ఒళ్ళు తేలికపడ్డాక నింపాదిగా వచ్చేవాణ్ణి. ఎందుకు ఆలస్యమైందని నా భార్య ఏనాడూ అడగలేదు. ఆమెకు పట్టింపు లేదనుకున్నాను, బుద్ధిలేనివాణ్ణి.

ఒకసారి జ్వరమొచ్చి, డ్యూటీకి నాగా పెట్టి మంచాన పడ్డాను. షిఫ్టు దిగే సైరన్ మోగింది. గచ్చు మీద గిన్నెలతో ఆడుకుంటున్న మా బిడ్డ, అంటే ఈ మనవరాలి తల్లి, అప్పటికి దానిదీ ఇదే వయసు, గిన్నెలు వదిలేసి గుమ్మం దాకా పోయి, తలుపు పట్టుకుని వీధి వైపు చూస్తూ నిలబడింది. వెనకాల మంచం మీద నేను ఉండగానే, "బాపు లాలే" అని, నాన్న ఇంకా రాలేదని వచ్చీరాని మాటల్లో నిట్టూర్చింది. నాకు నవ్వాగలేదు. ఇంకోసారి చెయ్యమంటే చేసింది. ఈసారి మెడలోని తాయెత్తును గుప్పిట్లో బిగించి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపింది.

వాళ్ళమ్మ అలా గుప్పిట్లో పట్టుకునేది పుస్తెలని తట్టగానే నా నవ్వు ఎండిపోయింది. వంటింటి గుమ్మంలో నా భార్య తల వంచుకుని నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో ఒక్క మాటైనా చెప్పలేదేమని అడిగాను.

"చెప్తె, తెల్లారి నువ్వు బాయిల దిగుతవా మరి?" అని లోపలికి వెళ్ళిపోయింది.

జ్వరం తగ్గగానే మళ్ళీ దిగాను, ఇంకో పదిహేనేళ్ళు దిగాను. దిగక ఏం చేస్తాం. చేతనైందల్లా ఒక్కటే, ఛాయ్ హోటల్ మానేసి, డ్యూటీ అయిన వెంటనే ఇంటి దారి పట్టేవాణ్ణి.

ఇప్పుడు మేం దిగిన బాయిలు మూతబడ్డాయి, పైనుంచే పెద్ద యంత్రాలు తవ్వుకుపోతున్నాయి, ఆలస్యమైతే డ్యూటీకి పోయిన కుర్రాళ్ళు ఇంటికి ఫోన్ చేసి చెప్పేస్తున్నారు. నాకు శాలువా కప్పి ఇంటికి పంపారు. ఆమె డ్యూటీ మాత్రం ఇంకా దిగలేదు. నేను కూరగాయలకు పోయి కాస్త ఆలస్యమైతే చాలు, ఆ మోకాళ్ళ నొప్పులతోనే తలుపు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇంక బాయి లేదు కదా అంటే, తెలుసంటుంది. మర్నాడు మళ్ళీ అక్కడే ఉంటుంది.