ముందు సీటు

ఆ ఏడాది వానాకాలంలో అమ్మ చర్చి మెట్ల మీద జారిపడింది. మోకాలికి ఆపరేషన్ చేశారు. నెమ్మదిగా నడక వచ్చింది, వంటింట్లోకీ వచ్చేసింది, కానీ కాలు మాత్రం పూర్తిగా ముడుచుకోవడం మానేసింది. ఎక్కడ కూర్చున్నా కుడికాలు ముందుకు చాపుకోవాలి. చర్చిలో ఆవిడకి మొదటి వరుస చివరి కుర్చీ వదిలిపెట్టేవాళ్ళు. చర్చి మా వీధి చివరే కాబట్టి పరవాలేదు. కష్టమంతా గొలుగొండ వెళ్ళాలంటేనే.

గొలుగొండలో పెద్దమ్మ ఉంటుంది. అమ్మకి తోడబుట్టింది ఆవిడొక్కతే. చూపు బాగా తగ్గిపోయింది, ఒంటరిగా బస్సెక్కి రాలేదు. అంతకుముందు నెలకోసారైనా అమ్మే వెళ్ళేది. ఇప్పుడు బస్సు మెట్టు ఎత్తు, షేర్ ఆటోలో కాలు చాపితే ఎదుటివాళ్ళ ఒళ్ళో పెట్టాలి. పెద్దమ్మ పక్కింటివాళ్ళకి అమ్మ ఫోన్ చేస్తే, వాళ్ళు ఆవిడని పిలిచేవారు. ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువ. "తిన్నావా?" "తిన్నాను." "నొప్పెలగుంది?" "అలగే ఉంది." అయినా ఇద్దరిలో ఎవరూ ముందు ఫోన్ పెట్టేసేవారు కాదు.

ఒకసారి నాన్న టాక్సీ మాట్లాడాడు. నాన్న డ్రైవర్ పక్కన కూర్చున్నాడు, అమ్మా నేనూ వెనక. కశింకోట దాటి కొంచెం దూరం పోయేసరికి అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాలు ముందు సీటుకి, తన సీటుకి మధ్య ఇరుక్కుపోయింది. ఇంకాస్త దూరం ఓర్చుకుంది. తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేశాయి. నాన్న బండి వెనక్కి తిప్పించాడు. ఇంటికొచ్చాక చాలాసేపు ఆ టాక్సీని తిట్టాడు.

"డొక్కు బండి. సీట్లు సూసేవా, బల్లల్లాగున్నాయి. మంచి బండయితే ఇలగవదు."

మంచి బండి అనే మాట ఆ రోజు నుంచి మా ఇంట్లో మొదలైంది. కొన్నాళ్ళకి ఒక కొత్త కారు గురించి పేపర్లో పెద్ద ప్రకటన వచ్చింది. బయటికి చిన్నది, లోపల విశాలం అని రాశారు. బొమ్మలో ఒక కుటుంబం మొత్తం నవ్వుతోంది. నాన్న ఆ పేజీని మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. మరుసటి వారమే నన్ను డ్రైవింగ్ స్కూల్లో చేర్చాడు. తనకి మోపెడ్ తప్ప ఏదీ రాదు. డ్రైవర్‌ని పెట్టుకునే స్తోమత లేదు. ఇంట్లో మిగిలింది నేను.

నేను మనుషుల్లోకి వెళ్ళడానికి వెనకాడే పిల్లని. డిగ్రీ అయ్యాక డాబా మీద పిట్టగోడ నీడలో పుస్తకాలు చదువుకుంటూ, రాత్రి డైరీ రాసుకుంటూ గడిపేదాన్ని. డ్రైవింగ్ అంటే మొదట వణుకు పుట్టింది. నాలుగు రోజులు పోయాక అది నాకు నచ్చిందని తెలిసి ఆశ్చర్యపోయాను. పుస్తకం చదువుతున్నప్పటిలాగే, అప్పుడు కూడా ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. కళ్ళు ముందుకు పెట్టుకుంటే చాలు. లైసెన్స్ వచ్చాక ప్రతి రాత్రీ మనసులో గొలుగొండ దాకా నడుపుకుంటూ వెళ్ళి నిద్రపోయేదాన్ని.

షోరూమ్ హైవే పక్కన కొత్తగా కట్టారు. ఒక శనివారం మధ్యాహ్నం ముగ్గురం ఆటోలో వెళ్ళాం. ఆటోలోంచి దిగే ముందే నాన్న మమ్మల్ని హెచ్చరించాడు.

"లోపలికెళ్ళేక బాగుంది బాగుంది అనకండి. మొకం మామూలుగా ఎట్టండి."

ఇది అర్థం కావాలంటే నాన్న పని గురించి చెప్పాలి. నాన్న బెల్లం మార్కెట్లో సరుకు కొని బయటి ఊళ్ళకి పంపుతాడు. అక్కడ కొనదలచుకున్నవాడు సరుకుని మెచ్చుకోడు. దిమ్మని వేలితో కొట్టి చూస్తాడు, చిన్న ముక్క విరిచి నాలిక మీద వేసుకుంటాడు, రంగు లేదంటాడు, ఉప్పగా ఉందంటాడు, తడి ఆరలేదంటాడు. ఎంత ఎక్కువ వంకలు పెడితే అంత గట్టిగా కొంటాడని అమ్మేవాడికి తెలుసు. అక్కర్లేనివాడు మాత్రం ఏ వంకా పెట్టడు, మళ్ళీ వస్తామన్నట్టు "వత్తాం" అని పక్క కుప్ప దగ్గరికి పోతాడు. చిన్నప్పుడు నాన్నతో యార్డుకి వెళ్ళి ఇదంతా చూశాను.

అద్దాల గదిలో పసుపు రంగు కారు మెరుస్తోంది. టై కట్టుకున్న కుర్రాడు ఎదురొచ్చి కూల్ డ్రింక్ ఇప్పించాడు. నాన్న కారు ముందుకెళ్ళి బానెట్ మీద వేళ్ళ కణుపులతో టకటకా కొట్టాడు.

"రేకు పల్సగున్నాదేటి బాబూ?"

"లైట్ వెయిట్ సార్. మైలేజీ కోసం."

"చక్రాలు సూడు, బొమ్మ బండికున్నట్టున్నాయి."

"సిటీ టర్నింగ్‌కి బాగుంటాయి సార్."

"ఈ రంగేటి, కామెర్లొచ్చినట్టు?"

అమ్మ పవిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. నాకు మాత్రం అర్థమైంది. నాన్న కారు కొనేస్తున్నాడు.

"టెస్ట్ డ్రైవ్ చేద్దాం సార్. మీరు నడుపుతారా?"

"నేను కాదు, మా గుంట నడుపుద్ది. లైసెన్సుంది," అన్నాడు నాన్న, కొంచెం గర్వంగానే.

అందరూ నావైపు చూశారు. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి కూడా చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఎన్ని రాత్రులు మనసులో నడిపానో, అదంతా ఏమైపోయిందో తెలీదు. "పరవాలేదు మేడమ్, ముందు నేను చూపిస్తా," అని కుర్రాడే స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. నాన్న అలవాటు ప్రకారం ముందు తలుపు తీసుకుని అతని పక్కన కూర్చున్నాడు. అమ్మా నేనూ వెనక్కి ఎక్కాం.

అమ్మ కాలు పట్టడానికే కొంతసేపు పట్టింది. నేను తలుపుకి అతుక్కుపోయి ఆవిడ పాదానికి నా వైపు చోటిచ్చాను. బండి కదిలింది. ఇంజిన్ చప్పుడు పాదాల్లోంచి ఒంట్లోకి ఎక్కుతోంది. ఏసీ గాలి ముందువాళ్ళ దాకానే వస్తోంది. రైల్వే వంతెన ఎక్కేటప్పుడు కారు మూలిగింది. వెనకనుంచి లారీ హారన్ కొట్టింది. కుర్రాడు ఏసీ ఆపేశాడు.

"ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ ఆపుకుంటే బాగా లాగుతుంది సార్."

"అయితే ఎండాకాలం వంతెన దాకొచ్చి ఏసీ ఆపి, దిగేక ఏసుకోవాలా?"

"అలవాటైపోతుంది సార్."

ప్రకటనలో నవ్విన కుటుంబం గుర్తొచ్చింది. వాళ్ళని వంతెన ఎక్కించి ఉండరు. గతుకు వచ్చినప్పుడల్లా అమ్మ నా మణికట్టు నొక్కుతోంది. అచ్చం ఆ టాక్సీలో లాగే. నాకు కారు మీద కోపం రాలేదు, ఏదో నీరసం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసింది దీని కోసమా అనిపించింది.

షోరూమ్ ముందు దిగాక నాన్న అమ్మని అడిగాడు.

"ఎలగుంది?"

"బానే ఉందండి," అంది అమ్మ. చెమట తుడుచుకుంటోంది. ముందురోజే పెద్దమ్మకి ఫోన్‌లో చెప్పేసింది, కారు కొంటన్నాం, పండక్కి ముందే వచ్చేత్తాను అని. ఇప్పుడు బాగాలేదని ఎలా అంటుంది?

నాన్న కుర్రాడితో బల్ల దగ్గరికి నడుస్తున్నాడు. నేను వాళ్ళ వెనకే నడిచాను. ఎలాగో నోరు తెరిచాను.

"నాన్నా, వెనకాల అమ్మకి కాలు పట్టట్లేదు. చాలా నొప్పిగా ఉంది."

నాన్న వెనక్కి తిరిగి, కుర్రాడికి కనబడకుండా నాకు కన్నుగీటాడు. మొహం వెలిగిపోతోంది.

"సూసేవా బాబూ, మా గుంట కూడా సెప్తంది. సీటిరుగ్గా ఉన్నాదంట. మరేటి తగ్గిత్తావు?"

"సీట్ కవర్లు, మ్యాట్లు ఫ్రీగా ఇప్పిస్తా మేడమ్," అన్నాడు కుర్రాడు నాతో.

నేను బేరం చేస్తున్నానని ఇద్దరూ అనుకున్నారు. పుట్టాక మొదటిసారి కొత్తవాళ్ళ ముందు గట్టిగా మాట్లాడితే దానికొచ్చింది రెండు మ్యాట్లు. ఇంకా వంకలు చెబితే ఇంకా గట్టిగా కొంటాడు. ఏం చెయ్యాలో తోచక కారు వైపు చూశాను. ముందు తలుపు ఇంకా తెరిచే ఉంది. ఆ సీటు ముందు, కింద, ఖాళీగా ఉంది. ఆ ఖాళీని అంతవరకూ ఎవరమూ చూడలేదు.

"నేను నడుపుతాను," అన్నాను. "ఇంకోసారి వెళ్దాం. అమ్మ ముందు కూర్చుంటుంది."

"మరి నేనో?" అన్నాడు నాన్న.

"వెనకాల."

మా ఇళ్ళల్లో ముందు సీటు మగవాళ్ళది. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎవరూ అడిగిందీ కాదు. అమ్మే కంగారుపడింది.

"ఏటే నువ్వు, నాన్న ఎనకాల కూకోడమేటి? నలుగురూ సూత్తే ఏటనుకుంటారు?"

"రండి సార్, వెనక సీటు కూడా చూసినట్టవుతుంది," అన్నాడు కుర్రాడు, అమ్మకం మీద ఆశతో.

నాన్న వెనక్కి ఎక్కాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. కుర్రాడు పక్కన ఒదిగాడు. నేను అమ్మ సీటుని వెనక్కి జరిపాను. నాన్న ఇంకొంచెం ముడుచుకున్నాడు. అమ్మ కాలు నెమ్మదిగా చాపింది. పాదం పూర్తిగా ముందుకెళ్ళింది. ఆవిడ నావైపు తిరిగి కళ్ళు పెద్దవి చేసింది.

వంతెన మీద సగంలో నేను గేరు మార్చడంలో తడబడ్డాను, బండి ఆగిపోయింది. వెనక హారన్లు. "కంగారు పడకు తల్లీ," అంది అమ్మ. ఆవిడ హాయిగా, ఇంట్లో కూర్చున్నట్టు ఉంది. మళ్ళీ స్టార్ట్ చేశాను. మూలుగుతూ ఎక్కింది. దిగేటప్పుడు అద్దంలో నాన్న కనిపించాడు. ముందు సీటు వీపుని రెండు చేతులతో పట్టుకుని, తన మోకాళ్ళ వైపు చూసుకుంటున్నాడు.

దిగాక చాలాసేపు తొడలు రుద్దుకున్నాడు. కుర్రాడు రంగుల పుస్తకం తెరిచాడు. "ఎలా ఉంది సార్?"

నాన్న రేకు గురించి అనలేదు. చక్రాల గురించి అనలేదు. చప్పుడు గురించీ అనలేదు.

"వత్తాం బాబూ," అన్నాడు.

కుర్రాడికి ఆ మాట మామూలుగానే వినిపించి ఉంటుంది. నా ఫోన్ నంబర్ రాసుకున్నాడు కూడా. నాకు మాత్రం కారు చేజారిపోయిందని తెలిసిపోయింది. రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డప్పుడు నాన్న అన్నాడు, అమ్మ వైపు చూడకుండా.

"ఆ రోజు టాక్సీలో నువ్వు ఇలగే ఇరుక్కుని కూకున్నావేటి?"

"అలగే కదండీ."

"సెప్పొచ్చు కదా."

"మీరు ముందు కూకున్నారు కదా," అంది అమ్మ.

ఆ రాత్రి డైరీలో కారు గురించి రెండు వాక్యాలు రాసి ఆపేశాను. నేను నడిపిన మొదటి కొత్త కారు, వంతెన దాకా. ఇంకెప్పుడు నడుపుతానో తెలీదు. నేనే అడిగి, నేనే పోగొట్టుకున్నాను. బాధగానే ఉంది, కానీ పక్కగదిలో అమ్మ ఫోన్‌లో పెద్దమ్మతో "అన్నం ఒండకు, నేనొచ్చేక ఒండుకుందాం" అనడం వినిపిస్తోంది.

తర్వాతి శనివారం అదే డొక్కు టాక్సీ వచ్చింది. నాన్న ముందు తలుపు తీసి, "ఎక్కు," అన్నాడు అమ్మతో. డ్రైవర్ ఒక్క క్షణం బిత్తరపోయి, తన సంచీ తీసి ఆవిడ కాలికి చోటిచ్చాడు. నాన్న నా పక్కన కూర్చున్నాడు. కశింకోట దాటాం, బండి తిప్పిన చోటూ దాటాం. అమ్మ చెరకు తోటలు చూస్తూ కూర్చుంది. దారి పొడుగునా నాన్న వంకలు పెడుతూనే ఉన్నాడు. సీటు బల్లలాగుంది, అద్దం దిగట్లేదు, డ్రైవర్‌కి బ్రేకు మీద ప్రేమెక్కువ. నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

గొలుగొండలో పెద్దమ్మ వీధిలోకే వచ్చి నిలబడింది. కారు ఆగగానే తడుముకుంటూ వచ్చి వెనక తలుపు తీసి, లోపలికి చెయ్యి పెట్టి, నాన్న చెయ్యి పట్టుకుంది. అదిరిపడి వదిలేసింది.

"ఏటి మరిదీ, నువ్వు ఇక్కడున్నావేటి?"

"మీ సెల్లి ముందుంది వదినా," అన్నాడు నాన్న.