ఫ్రిజ్‌లో పైన్ కొమ్మ

ఆ ఏడు రంజాన్ చలికాలంలో వచ్చింది. తొంభైల చివరి రోజులు. కువైట్‌లో, ఫింటాస్‌లో నేను పనిచేసే ఇంట్లో ఫ్రిజ్ అడుగు అరలో ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో పైన్ కొమ్మ, దాని సూదుల్లాంటి ఆకుల మీద వరసగా పచ్చటి గుడ్లు. మేం మామా అని పిలిచే యజమానురాలి తండ్రి, పెద్ద బాబా, వైద్యానికి అమెరికా వెళ్లి అక్కడి కొండల్లోంచి తెచ్చుకున్నాడు. పైన్ అడవుల్లో బతికే తెల్ల సీతాకోకచిలుకల గుడ్లట. చల్లగా ఉంచితే ఎండాకాలం దాకా పగలవట. ఇక్కడ మళ్లీ ఆస్పత్రిలో చేరబోతూ, "ఇవి జాగ్రత్త. నేను రాగానే నిన్ను ఊరికి పంపిస్తా" అన్నాడు. కూతురి ముఖం చూసి మూడేళ్లయింది నాకు. నా పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. ఆమె చేత సరేననిపించగలిగింది ఆ ముసలాయన ఒక్కడే.

రంజాన్ సరుకులకు చోటు చాలక డబ్బా తీసి పొయ్యి పక్కన గట్టు మీద పెట్టాను. పెట్టి మరిచిపోయాను. నన్ను చెప్పుతో కొట్టాలి. పది రోజుల తర్వాత మూత తీస్తే దారప్పోగుల్లాంటి పురుగులు కదులుతున్నాయి. కొమ్మ ఎండిపోయింది.

"నా కొంప మునిగిందప్పా" అని డ్రైవర్ దగ్గర ఏడ్చాను. అతనిదీ మా కడప పక్కే.

"ఏడ్చొద్దుక్కా, సరుగుడు కొమ్మ తెచ్చిస్తాలే. రెండూ ఒగటే గదా."

చూడ్డానికి ఒకటే. పురుగులు మాత్రం దాన్ని ముట్టలేదు. మూడో రోజుకు ఒక్కటీ కదల్లేదు. డబ్బాను గుట్టుగా ఫ్రిజ్‌లో పెట్టేశాను.

రోజూ సాయంత్రం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేది. "అవి ఎలా ఉన్నాయని అడుగుతున్నాడు" అనేది మామా. "బాగున్నాయి మామా" అనేదాన్ని. అబద్ధం బయటపడితే నా సెలవు ఖలాస్.

పండగ ముందు ఆయన్ని ఇంటికి తెచ్చారు. మనిషి సగమైపోయాడు. చక్రాల కుర్చీని నేరుగా వంటింట్లోకి తోయించుకొచ్చి డబ్బా అడిగాడు. మూత తీసి చాలాసేపు చూశాడు. లోపల సరుగుడు రెమ్మ అలాగే ఉంది. దాన్ని తీసి పారేసే తెలివి కూడా లేకపోయింది నాకు. ఆయన ఆ రెమ్మను వేళ్లతో నలిపి నా వైపు చూశాడు.

"బాగున్నాయా బాబా?" గుమ్మంలోంచి అడిగింది మామా.

"బాగున్నాయి" అని మూత పెట్టేశాడు. "ఈమెను ఈ వారమే ఊరికి పంపు. నేనుండగానే."

డబ్బా నా చేతికిచ్చి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టమన్నాడు.