ఆ చప్పుడు మగ్గందేనన్నాను

మూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిజానికి అది అబద్ధం కూడా కాదు. అందుకే ఇంత బరువేమో. మీరు నన్నెరుగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా బెంగళూరు ఆఫీసు అందర్నీ వెనక్కి రమ్మంది. జనాన్ని తీసేస్తారని పుకారు. మా టీములో ఒకరు పోవడం ఖాయమనుకున్నాం. నేను హిందూపురంలో తెల్లారకముందే రైలెక్కి, చచ్చీచెడీ వెళ్లేవాణ్ని. మా టీములోనే ఉన్న ధర్మవరం సుజాతకు మాత్రం ఇంటి నుంచే పనిచేసే అనుమతి ఉండేది. వాళ్లమ్మకు డయాలసిస్. తీసుకెళ్లేది ఈమే, ఖర్చు భరించేది కంపెనీ ఇన్సూరెన్సు. నన్ను 'అన్నా' అని పిలిచేది. అయినా కుళ్లుకున్నాను. అవును, కుళ్లే, ఇంకో పేరెందుకు?

ఒకరోజు మేనేజరు నన్ను పక్కకు పిలిచి, ఆమె కాల్‌లో వినిపించే టకటక ఏమిటని అడిగాడు. మా సొంతూరు పెనుకొండ, ధర్మవరం వైపువాణ్నే కదా. మగ్గమన్నాను. ఎవరు నేస్తారన్నాడు. వాళ్ల నాయన నేస్తాడని నాకు తెలుసు. ఆమె పోగు కూడా ముట్టుకోదని తెలుసు. ఆ ఒక్క ముక్క చెబితే సరిపోయేది, కానీ చెబితే పోయేది నా ఉద్యోగమేనేమో అన్న భయం నోరు నొక్కేసింది. ఇంట్లోవాళ్లే నేస్తారని నవ్వాను. ఆ నవ్వుతో ఆయనకు కావలసింది దొరికింది.

పనివేళల్లో చీరలు నేస్తోందని వారంలోపే ఆమెను తీసేశారు. ఇన్సూరెన్సు పోయింది. వాళ్లమ్మ ఆ ఏడాది దాటలేదు. ఉద్యోగముంటే దాటేదా? ఏమో. ఆ 'ఏమో'ను పట్టుకునే బతుకుతున్నాను.

మరుసటి ఏడు నన్నూ తీసేశారు. ఒక్కరూ పలకరించలేదు. సుజాత ఫోన్ చేసింది.

"బాధపడాకన్నా. మన నోటికాడి కూడు తీసినోళ్లు బాగుపడర్లే."

"అవునమ్మా."

"మగ్గం సంగతి వాళ్లకి ఎవురు చెప్పినారో నీకేమన్నా తెలుసునా?"

"నాకేం తెలుసమ్మా?"

"నీకు తెలిసింటే నాకు చెప్పకుండా ఉంటావా! ఆడ నాకుండింది నువ్వొక్కడివే కదన్నా."

ఆ 'అవునమ్మా'తో నాకు తగిలిన శాపానికి నేనే తథాస్తు అన్నాను. తర్వాత ఎన్నోసార్లు ఆమె నంబరు తీశాను. చెప్పి ఏం చేయను? తిట్టడమైనా, క్షమించడమైనా మళ్లీ ఆమెకే పని. అంత మాత్రం సిగ్గు నాకింకా మిగిలింది.

చెప్పింది నేనే. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఛీ, ఏం బతుకు! అయినా కాస్త ఊపిరాడుతోంది.