తడిపిన పత్తి

పిడికెడు పత్తితో మనిషి తన పరువంతా ముంచుకోగలడా? నేను ముంచుకున్నాను. తప్పు నాది కాదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. విన్నవాడే లేడు.

సముద్రం అవతల పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. చాంద్రాయణగుట్ట దగ్గర మాకు నాలుగు బర్రెలుండేవి. బాపు దమ్ము జబ్బుతో, ఊపిరాడక మంచం పట్టాడు. ఆయనకు బ్యాండంటే ప్రాణం. పెళ్లి బరాత్ పోతుంటే పాలు పిండటం సగంలో వదిలి వీధిలోకి ఉరికేవాడు. "నువ్వొక్కపారి ఊదితే విని పోత బిడ్డా" అని, దూడను అమ్మించి మరీ వాద్యం కొనుక్కురమ్మని నన్ను పంపాడు.

పాత వాద్యాలమ్మే చాచా ఒకప్పుడు బ్యాండులో ఊదినవాడు. రెండు నల్ల గొట్టాలు నా ముందు పెట్టాడు.

"కొత్తోనివి, క్లారినెట్ తీస్కో బేటా. ఈ ఓబో ఉస్తాదులకే తిప్పలు పెడ్తది."

ఆ మాట గుచ్చుకుంది. ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. పైగా ఓబో నోరు సన్నం. సన్నని నోటికి చిటికెడు ఊపిరి చాలదా?

"నాకు గదే కావాలె."

"మస్తు జిద్దు నీకు! సరే, బజానేకే పైలే పత్తీ భిగోలేనా. సమజైందా?"

"ఉర్దూ నాకే నేర్పుతవా చాచా?" అని అంతా తెలిసినవాడిలా తల ఊపాను.

నా కొంప ముంచిన మాట అదే. ఊదే ముందు పత్తీ తడుపుకోమన్నాడు, అంతవరకు అర్థమైంది. ఉర్దూలో పత్తీ అంటే ఆకు, చాయ్‌పత్తీ అని నాకు తెలుసు. కానీ వాద్యంలో చాయ్ కాచరు కదా! కనుక తడపమన్నది మన పత్తినే అయ్యుండాలి. మీరైనా అంతే అనుకునేవారు, బుకాయించకండి.

ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే, ఓ మూల దారం చుట్టిన చిన్న పుల్ల కనబడింది. చాచా పళ్లు కుట్టుకునే పుల్ల మరిచిపోయాడనుకుని పొయ్యిలో పడేశాను.

"ఓబో ఏందిరా, ఎద్దును అదిలిచ్చినట్టు?" అంది అమ్మ.

పత్తి తడిపి గొట్టం నోట్లో కుక్కాను. బాపు గోడకు ఒరిగి, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. నా బుగ్గలు బూరెలయ్యాయి, కళ్లు కోడిగుడ్లయ్యాయి. చప్పుడు లేదు. ఊదలేక ఓబో ఓడన్నట్టు చాచాను నాలుగు తిట్టి, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాను. పత్తి కింది నుంచి ఎగిరిపోయి బాపు మీసానికి అతుక్కుంది.

"ఏందిరా ఇది?"

"పత్తి. చాచా తడుపుమన్నడు."

"పత్తీ అంటే పీకరా, గాడిదా! ఊదే పీక! దారం సుట్టిన పుల్ల లేదా అండ్ల?"

అందరం పొయ్యి వైపు చూశాం. బాపు నవ్వాడు. దగ్గాడు. మళ్లీ నవ్వాడు.

మర్నాడు చాచా తల పట్టుకున్నాడు. "ఒక్కటే ఉండె బేటా. గవి విలాయత్ నుంచి రావాలె. జంగ్ నడుస్తుంది, ఓడలు బంద్." ఇది నాతో చెప్పి ఊరుకుంటే బాగుండేది. బజారంతా చెప్పాడు. అప్పటి నుంచి నా పేరు పత్తి మల్లేశు. పిలిచిన ప్రతివాడూ నాకు గుర్తున్నాడు.

బాపు రోజూ అడిగేవాడు: "పీక వచ్చిందా?"

"వస్తది బాపు."

పీక రాలేదు. ఒక పొద్దున బాపు ఊపిరే ఆగింది.

ముక్కులో పెట్టడానికి కులపెద్ద "పత్తి తేరా" అన్నాడు. ఆనాడు మిగిలిందే తెచ్చిచ్చాను. పత్తి అడిగితే సరిగ్గా పత్తే తెచ్చింది నా జన్మలో ఆ ఒక్కసారే. ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకోవలసినవాడు నవ్వలేదు.

కనుక బాపు మీసం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సగం తెలిసిన మాటకు ఇక తల ఊపను. దారం చుట్టి ఉందేమో చూడకుండా ఏ పుల్లనూ పొయ్యిలో వేయను.