నా కళ్ళు పెట్టుకున్నవాళ్ళు

ఈమధ్య ఎవరు మైకు పట్టుకున్నా ఒకటే మాట: ఈ అద్దాల మేడలు రాకముందు ఇక్కడ రాళ్ళూ రప్పలూ తప్ప ఏమీ లేవట. మరి నా ట్రంకుపెట్టెల్లో ఉన్న మొహాలన్నీ ఎవరివి? రాళ్ళే వచ్చి నా ఎదుట స్టూలు మీద కూర్చుని, తల దువ్వుకుని ఫోటో దిగాయా? మాదాపూర్ పక్కన మా ఊరంతటికీ కెమెరా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. పెళ్ళికీ నేనే, తొట్టెలకూ నేనే, చావుకూ నేనే. బడి మొహం చూడలేదు. ఫిల్మ్ డబ్బాల మీద, వాటిని చుట్టి తెచ్చిన పాత పేపర్ల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అయినా ఊరు ఎలా ఉండేదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మా చేలు ఉన్నచోట లేచిన మేడల్లో ఒక కంపెనీ వాళ్ళకు కింది అంతస్తు గోడ మీద పాత ఊరి ఫోటోలు పెట్టాలని బుద్ధి పుట్టింది. కాఫీ మిషన్‌కూ లిఫ్టుకూ మధ్య ఖాళీ ఉందట. నా నెగెటివులు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఒక అమ్మాయిని పంపారు. కోస్తా పిల్ల, మణికొండలో కిరాయికి ఉంటుంది. శనివారం శనివారం వచ్చి నా ముందుగదిలో కూర్చునేది.

"తాతగారూ, ఇలా ట్రంకుల్లో పెడితే బూజు పట్టేస్తుందండీ," అంది మొదటిరోజే.

"ట్రంకులల్ల వెట్టినందుకే ఉన్నయమ్మా. గోడలకు వెట్టినయి గోడలతోనే పోయినయి," అన్నాను.

ఆ పిల్లకు కోపం రాలేదు. నవ్వి చేతులకు తొడుగులు వేసుకుంది. అప్పటినుంచి ఆమె అంటే నాకు గురి కుదిరింది.

నెగెటివులు బయటికి తీస్తున్నారని తెలిసి మదీనాగూడ నుంచి ఒకామె వచ్చింది. మా ఊరి రాళ్ళు కొట్టేవాళ్ళ బిడ్డ. ఇప్పుడు అక్కడ కర్రీ పాయింట్ నడుపుతోంది. ఈమె పుట్టిన గడియలోనే తల్లి పోయింది. చెప్పుల్లోంచి కాళ్ళు తీయకముందే అసలు సంగతి అడిగేసింది.

"కాకా, మా ఇంట్ల ఉన్న అమ్మ ఫోటో పాణం వొయినంక దీసిందే గదా. కండ్లు నువ్వు దిద్దినవట. మా అమ్మ సొంత కండ్లు ఎట్లుంటుండెనో ఒక్కపాలి సూస్త. గుంపులనో, పెండ్లిలనో, యాడనన్న ఉండకపోతదా?"

కోస్తా పిల్ల చేతిలో నెగెటివ్ అలాగే ఉండిపోయింది. "దిద్దడం ఏంటండీ?" అని నావైపు తిరిగింది.

చెప్పాను. మావైపు బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగకుండా పోయినవాళ్ళుంటే, స్నానం పోయకముందే నాకు కబురొచ్చేది. గోడకు ఆనించి కూర్చోబెట్టి, దవడకు కట్టిన గుడ్డ ఒక్క క్షణం విప్పి తీసేవాణ్ణి. కానీ కళ్ళు మూసిన ఫోటో గోడకు పెట్టరు. పెత్రమాస అమావాస్య నాడు పోయిన పెద్దలు ఇంటికొస్తారు కదా, కళ్ళు మూసుకున్నవాళ్ళు ఇల్లు ఎలా గుర్తుపడతారు అనేవాళ్ళు. అందుకని నెగెటివ్ మీద మొన తేలిన పెన్సిల్‌తో రెప్పల మీద కళ్ళు గీసేవాణ్ణి. నెగెటివ్ మీద నల్లగా రుద్దింది ఫోటోలో తెల్లగా వస్తుంది. తెల్లగుడ్డు నల్లగా రుద్ది, గుడ్డు నడుమ నల్లటి పాప కోసం బ్లేడు మొనతో గీకాలి. ఇది నాకెవరూ నేర్పలేదు. హైదరాబాద్‌లో పెద్ద స్టూడియోల వాళ్ళు కూడా నా పని చూసి నోరు మూసుకున్నారు.

ఆ పిల్ల చేతిలోని నెగెటివ్‌ను వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత మెల్లగా అంది: "గోడ కోసం మావాళ్ళు ఎక్కువగా ఇలాంటివే ఎంచారండీ. చూపులో ప్రాణం ఉందన్నారు."

"ఉంటది మరి," అన్నాను. ఆ మాటకు సంతోషపడ్డానో, ఒళ్ళు జలదరించిందో ఇప్పుడు చెప్పలేను.

వెతకడం తేలికేనంది. ఎక్కించిన మొహాలన్నిటిలో ఒకే మనిషివి ఎక్కడెక్కడున్నా కంప్యూటర్ ఏరి ఒకచోట పెడుతుందట. తల్లి ఫోటో చూపించి మీట నొక్కింది. మేం ముగ్గురం తెర ముందుకు వంగాం.

తెర నిండిపోయింది.

మొదట వచ్చింది బావిలో పడి పోయిన పిల్లవాడు. తర్వాత మా ఊరి కబుర్లు మోసే పెద్ద మస్కూరి. తర్వాత పాము కరిచిన కొత్త పెళ్ళికూతురు, పసుపు ఇంకా ఆరని మొహంతో. మీసాలవాళ్ళు, ముసలమ్మలు, పాలపళ్ళ పిల్లలు. మనిషికీ మనిషికీ పోలిక లేదు. కానీ వరసగా చూస్తూ పోతే ఎవరో ఒక్కడే ఆ మొహాలన్నీ తొడుక్కుని మావైపు చూస్తున్నట్టుంది. కింద ఒక్క ముక్క రాసి ఉంది. నేనే చదివాను: ఒకే వ్యక్తి.

"వీళ్ళంతా..." అంది పిల్ల.

"పోయినోళ్ళే. అందరికి నేనే దిద్దిన."

ఆ పిల్ల వేలితో తెరను కిందికి జరిపింది. చివర ఒక మొహం దగ్గర ఆగి, నా మొహంలోకి చూసి, మళ్ళీ తెరవైపు చూసింది.

"తాతగారూ, ఇందులో మీరూ ఉన్నారండీ."

నిజమే. కొత్త లెన్సు వచ్చినప్పుడు సరిచూసుకోవడానికి నన్ను నేను తీసుకున్న ఫోటో. నల్లటి జుట్టు, పల్చటి మీసం. ఆ వరసలో బతికున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

కంప్యూటర్ తప్పు చేసిందని ఆ పిల్ల ఏదో సర్దబోయింది. నేను వద్దన్నాను. దిద్దే పెట్టె ఇంకా నా దగ్గరే ఉంది, తెచ్చి చూపించాను. వాలు బల్లకు నడుమ కిటికీలా కోసి ఉంటుంది, అక్కడ నెగెటివ్ పెడతాం. కింద ఒక అద్దం. కిటికీ వెలుతురు అద్దం మీద పడి, నెగెటివ్ లోంచి పైకి వస్తుంది. నెగెటివ్ అటూ ఇటూ జరిపినప్పుడల్లా అద్దంలో నాకు కనిపించేవి రెండు కళ్ళు. అవి ఎవరివో నేనెప్పుడూ ఆలోచించలేదు. చెయ్యి మాత్రం వాటినే గీస్తూ పోయింది.

మదీనాగూడ ఆమె చాలాసేపు నన్నే చూసింది. "అంటే ఇన్నేండ్ల సంది పెత్రమాస పెత్రమాసకు నేను దండం వెట్టింది నీకా, కాకా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"కండ్లు ఇడిసిపెట్టు. మిగిలిందంత మీ అమ్మదే," అన్నాను. ఒక కాగితం ముక్క కోసి తెర మీద వాళ్ళమ్మ ఫోటోలో కళ్ళకు అడ్డంగా పెట్టాను. గదువ మీద, కింది పెదవికి దిగువన, మూడు పచ్చబొట్టు చుక్కలు. చెవులకు బరువైన గెంటీలు, ఆ బరువుకు సాగిన తమ్మెలు. కింది పెదవి ఒకవైపు కాస్త జారి ఉంది. ఆమె ఆ మొహాన్ని అలా ఎప్పుడూ చూడలేదు. పైకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కంప్యూటర్ పక్కకు పోయింది. నెగెటివులు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి గుంపుల్లో వెతికాం. పీర్ల పండుగ ఫోటో ఆమెకే దొరికింది. పీర్లు లేచిన రోజు, పగటిపూట, ఆడవాళ్ళు మలీద ప్రసాదం గిన్నెలతో వరసగా నిలబడ్డారు. "జర పెద్దగ జెయ్ బిడ్డా," అంది. పిల్ల దాన్ని తెర మీదికి ఎక్కించి పెద్దది చేసింది. గదువ మీద మూడు చుక్కలు. గెంటీలు. జారిన పెదవి. పొట్ట కొద్దిగా ఎత్తుగా ఉంది.

"గా కడుపుల నేనున్న," అంది.

ఎదుట ఊదు పొగ లేస్తోంది. ఆ పొగకు తల్లి రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉంది.

బయట ఎదురుగా ఉన్న మేడ అద్దాల మీద ఎండ పడి నా గది గోడ తెల్లబడింది.

"నేను తెరిపించగలనండీ," అంది కోస్తా పిల్ల. "ఇప్పుడు కంప్యూటర్ చేసేస్తుంది. చాలా సహజంగా వస్తాయి."

"వద్దు బిడ్డ. మల్ల ఎవ్వని కండ్లో వెడ్తది," అంది మదీనాగూడ ఆమె.

కళ్ళు మూసిన ఫోటోనే కాగితం మీద వేయించుకుని పోయింది. మేడలో గోడ కోసం చనిపోయినవాళ్ళ ఫోటోలు ఒక్కటీ ఇచ్చేది లేదని నేను కంపెనీకి చెప్పించాను. ప్రాణం ఉన్న చూపులు కావాలంటే వాళ్ళ లిఫ్టులో ఎక్కేవాళ్ళవి తీసుకోమన్నాను.

మరుసటి శనివారం మదీనాగూడ ఆమె మళ్ళీ వచ్చింది. సంచిలోంచి పాత ఫ్రేము తీసి నా చేతిలో పెట్టింది. అద్దం మీద ఏళ్ళ తరబడి పెట్టిన బొట్టు, నుదుటి దగ్గర గట్టిపడి ఉంది.

"ఇది నీ దగ్గర్నే ఉండనియ్ కాకా. కండ్లు నీయే గదా."

"మరి పెత్రమాసకు?" అన్నాను.

"అమ్మకు ఇల్లెరుకే. కండ్లు మూసుకొనే వస్తది."

ఫ్రేమును ట్రంకులో పెట్టబోయాను, చెయ్యి రాలేదు. గోడకు కొట్టాను. దాని ఎదురుగోడకు నేను గడ్డం గీసుకునే అద్దం ఉంది. పొద్దున సబ్బు రుద్దుకుని తల ఎత్తితే, అద్దంలో నా భుజం వెనక నుంచి ఫ్రేములోని ఆ తల్లి నన్ను చూస్తుంటుంది. ఈమధ్య ముందుగా రెప్ప వేసేది నేనే.