మాస్టారి కార్డుకు లామినేషన్

2023 వేసవి. నందిగామలో నేను ట్రావెల్స్ ఆఫీసు పెట్టి అప్పటికి పద్నాలుగేళ్ళు. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. మెయిన్ రోడ్డు మీద ఒక మందుల షాపు పైన చిన్న గది, అందులో ఒక ఏసీ, గోడ మీద మంచుకొండ ఫొటో. ఆ ఫొటో చూస్తే ఏసీ కట్టేసినా చలి వేస్తుందని అంటుంటారు. అనేది ఒక్కరే, అది నేనే. ఏటా వేసవిలో ముప్పై మందిని పోగుచేసి యూరప్ తీసుకెళ్ళడం, అదే ముప్పై మందిని వెనక్కి తీసుకురావడం నా వృత్తి. మా లైన్లో దీన్ని టూర్ మేనేజర్ ఉద్యోగం అంటారు. అంటే పాస్‌పోర్టులు లెక్కపెట్టేవాడు, పరాయి దేశంలో పెరుగు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాడు.

బయలుదేరే ముందు అందర్నీ ఒక కల్యాణ మండపం డైనింగ్ హాల్లో కూర్చోబెట్టి ప్రీ-టూర్ మీటింగ్ పెడతాను. ఏం సర్దుకోవాలో, ఏ పచ్చళ్ళు తేవచ్చో చెబుతుంటే శ్రద్ధగా వింటారు. డబ్బు విషయం రాగానే కళ్ళు మూతలు పడతాయి. ఫారెక్స్ కార్డంటే ఇక్కడ రూపాయలు కట్టి అందులో యూరోలో, స్విస్ ఫ్రాంకులో నింపుకునే కార్డనీ, ఫోను రీఛార్జి లాంటిదేననీ అంటే ఆవలింతలు. క్రెడిట్ కార్డు తెచ్చేవాళ్ళు ఇంటర్నేషనల్ యూసేజ్ ఆన్ చేయించుకోవాలి, లేకపోతే అక్కడ పనిచేయదు అంటే వెనక వరుసలో గురక. అందుకని మధ్యమధ్యలో రెండు కోతలు కోస్తాను. కొయ్యకపోతే ఎవరూ వినరు.

ఆ ఏడాది మొదటి కోత వాన గురించి.

"యూరప్ వాన మన వాన కాదండీ. సన్నగా పడుద్ది, సూదిలా దిగుద్ది. ఒకాయన కార్డు చొక్కా జేబులో పెట్టుకుని తడిసాడు. సాయంత్రానికి ఆ కార్డు అప్పడంలా పొంగిపోయింది. చిప్పు ఊడి కాఫీలో పడింది. చూసుకోకుండా తాగేసాడు కూడా!"

రెండోది ట్యాప్ గురించి. కార్డును మిషనుకు తాకిస్తే చాలు, డబ్బు కట్ అయ్యే పద్ధతి అది. "అక్కడి దొంగలు ఆ మిషను కోటు లోపల పెట్టుకుని, ఎప్పటి నుంచో తెలిసిన స్నేహితుడిలా వచ్చి కౌగిలించుకుంటారండీ. కౌగిలి వదిలేసరికి మీ కార్డు ఖాళీ!"

హాలంతా లేచి కూర్చుంది. గరికపాడులో దాబా నడిపే వెంకటేశ్వర్లు వెనక నుంచి అరిచాడు. "ప్రసాదన్నా, నీ కోతలు పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం కంటే ఎత్తుగున్నయ్!"

అందరూ నవ్వారు, ముందు వరుసలో ఒక్కాయన తప్ప. ఆయన తలవంచి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు. ఆయన ఇమ్మానియేలు మాస్టారు. జగ్గయ్యపేటలో నాకు తొమ్మిదో తరగతి లెక్కలు చెప్పిన మనిషి. పక్కన ఆయన భార్య రత్నకుమారి గారు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేశారు కాబట్టి ఊరంతా ఆవిణ్ణి సిస్టరమ్మ అంటుంది. ఆవిడ పనిచేసిన ఇంజెక్షన్ గదిలో ఏదో మందుల కంపెనీ క్యాలెండర్ ఉండేదట, దాని మీద ఒక మంచుకొండ. రోజూ దాన్ని చూస్తూనే సూదులు వేసేవారు. రిటైరయ్యాక ఆ మంచు చూపిస్తానని మాస్టారు మాట ఇచ్చారు. ఆ మాట కోసమే ఇద్దరూ మా టూరుకి డబ్బు కట్టారు.

ఆరో రోజు స్విట్జర్లాండ్‌లో ఒక కొండ కింద రైలు స్టేషన్‌కి చేరాం. అక్కణ్ణుంచి పట్టాల మధ్య పళ్ళు పట్టుకుంటూ కొండెక్కే పళ్ళచక్రాల రైలు ప్యాకేజీలో లేదు, ఆప్షనల్. అంటే కావలసినవాళ్ళు విడిగా కట్టుకోవాలి. తక్కినవాళ్ళంతా నందిగామలోనే కట్టేశారు. మాస్టారు మాత్రం కట్టలేదు. "మా ఆవిడ టిక్కెట్టు నా చేత్తో, నా కార్డుతో అక్కడే కొంటా" అన్నారు. జీవితంలో ఆయన వాడబోయే మొదటి కార్డు ఆ ఫారెక్స్ కార్డే. గుంపు లోకల్ గైడుతో ముందు రైల్లో వెళ్ళిపోయింది. వీళ్ళిద్దరి కోసం నేను ఆగాను. తర్వాతి రైలుకి నలభై నిమిషాలు. అది తప్పితే పైకెళ్ళి బస్సు టైముకి దిగిరావడం కుదరదు.

మాస్టారు స్వెట్టరెత్తి, చొక్కా బొత్తాలు విప్పి, మెడలో తాడుకున్న సంచీలోంచి కార్డు తీసి కౌంటర్లో ఇచ్చారు. నేను చూసి నోరు తెరిచాను. కార్డు చుట్టూ నాలుగు వైపులా ప్లాస్టిక్ అంచు, మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. కౌంటర్లో అమ్మాయి దాన్ని మిషన్లో పెట్టబోయింది, దూరలేదు. తిప్పి పెట్టింది, దూరలేదు. ట్యాప్ చేసింది, మిషను కుయ్యిమని వద్దంది.

"మాస్టారూ, ఇదేంటండీ?"

"లామినేషన్. బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో చేయించా. ఇరవై రూపాయలు తీసుకున్నాడు. వానకి అప్పడం అయిపోద్దని నువ్వే చెప్పావుగా."

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మా వైపు విలువైనదేదైనా చేతికొస్తే ముందు చేసే పని లామినేషన్. ఆధార్, రేషన్ కార్డు, టెన్త్ మార్కుల లిస్టు, అన్నీ ప్లాస్టిక్‌లో భద్రంగా ఉంటాయి.

"మరి ట్యాప్ పనిచెయ్యట్లేదేం?"

"బ్యాంకుకెళ్ళి ఆపించేసా. కౌగిలించుకునే దొంగలున్నారన్నావుగా."

రెండు కోతలూ నావే. రెండూ కలిసి వచ్చి, ఏడు సముద్రాల అవతల నా కాళ్ళకే చుట్టుకున్నాయి. నా సొంత కార్డుతో కడదామంటే, హోటలువాళ్ళు గదుల డిపాజిట్ కింద అందులో ఉన్న లిమిట్ అంతా బ్లాక్ చేసి ఉంచారు. గదులు ఖాళీ చేశాక వదులుతారు, అందాకా ఆ డబ్బు ఉండీ లేనట్టే. నా బ్యాగులో ఆపద సమయాల కోసం టూరు డబ్బు కొంత నోట్ల రూపంలో ఉంది. అది తీశాను.

"వద్దు. అది అందరిదీ" అన్నారు మాస్టారు. "అందరి డబ్బుతో మా ఆవిడకి మంచు చూపించానని రేపు నేనెవరికి చెప్పుకోను?"

టీకీ, బాత్రూములకీ అని తెచ్చుకున్న యూరో నోట్లు తీసి చూసుకున్నారు. ఒక టిక్కెట్టుకి సరిపోతాయి.

"రత్నా, నువ్వెళ్ళిరా. నేనిక్కడ బెంచీ మీద కూచుంటా."

సిస్టరమ్మ కదల్లేదు. "ముప్పై ఏళ్ళు క్యాలెండర్లో ఒక్కదాన్నే చూసా. మళ్ళీ ఒక్కదాన్నే చూడ్డానికి ఇంత దూరం రావాలా? మీరు రాకపోతే నేనూ బెంచీనే."

ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు, గోడవైపు చూస్తూ. ఇక దాచలేకపోయాను.

"మాస్టారూ, ఆ వాన కథ అబద్ధమండీ. కార్డుకి నీళ్ళు ఏం చెయ్యవు. జనం నిద్రపోకుండా చెప్పా."

మాస్టారు చేతిలోని కార్డును తిప్పి చూసుకున్నారు. సిస్టరమ్మ నావైపు తిరిగారు. "ఏమయ్యా ప్రసాదూ, అయితే వేణ్ణీళ్ళల్లో వేసినా ఏం కాదా?"

"ఏం కాదమ్మా."

"ఇదైనా నిజమేనా? ఇంకా తొమ్మిది రోజుల ఖర్చు అందులోనే ఉంది."

"నిజమండీ. ఒట్టు."

ఆవిడ మాస్టారి వైపు చూశారు. ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. నలభై ఏళ్ళ కోతల్లో ఎన్ని అబద్ధాలకు ముందు నేను ఒట్టు వేశానో గానీ, ఒక నిజానికి అంతగా చెమట పట్టడం అదే మొదటిసారి. ఆఫీసు పెట్టి పద్నాలుగేళ్ళే కదా అంటారేమో, కోతలు మొదలుపెట్టింది అంతకు చాలా ముందు లెండి.

"ముంచెయ్యి" అన్నారు మాస్టారు.

స్టేషన్లో కాఫీ కొట్టుకి పరిగెత్తాను. ఒక కప్పు వేణ్ణీళ్ళకి యూరో బిళ్ళలు ఇస్తే కొట్టువాడు తీసుకోనన్నాడు. అక్కడ యూరో నోటైతే తీసుకుంటారు, చిల్లర మాత్రం ఫ్రాంకుల్లో ఇస్తారు. సరే అని నోటిచ్చి, గుప్పెడు ఫ్రాంకులతో, కప్పుతో వచ్చాను. సిస్టరమ్మ నెయిల్ కట్టర్‌తో ప్లాస్టిక్ అంచు ఒక మూల కత్తిరించి, కార్డును నీళ్ళలో దించి, నాడి చూస్తున్నట్టు వాచీ చూశారు.

"అంటుకున్న కట్టుని లాగితే చర్మం ఊడొస్తది" అన్నారు, పక్కన ట్రైనీ నర్సు ఉన్నట్టు. "నానబెట్టాలి. కిందది పట్టుకుని పైది వదిలించాలి."

బొటనవేలి గోరుతో మూల దగ్గర మొదలుపెట్టారు. పొర కొద్దికొద్దిగా లేచింది. ఒకచోట అడ్డం తిరిగితే మళ్ళీ ముంచారు. చివరికి కార్డు ఇటు, దాని ప్లాస్టిక్ తొడుగు అటు వచ్చేశాయి. చిప్పు తళతళలాడుతూ ఎక్కడిదక్కడే ఉంది. ఆవిడ శాలువాతో తుడిచి, నా ముఖం ముందు ఆడించారు.

"ఏది నీ అప్పడం?"

ఈసారి కార్డు మిషన్లోకి దూరింది. మిషను కాసేపు ఆలోచించి, రూపాయల్లో కడతావా, ఫ్రాంకుల్లో కడతావా అని అడిగింది. మా లైన్లో దీన్ని డీసీసీ అంటారు. రూపాయలు కనపడగానే మనవాళ్ళకి ప్రాణం లేచొచ్చి అదే నొక్కేస్తారు. అప్పుడు మారకం రేటు ఆ మిషనువాడు తనకి నచ్చినట్టు వేసుకుంటాడు. ఎప్పుడూ అక్కడి కరెన్సీయే నొక్కాలి. మీటింగులో నేను చెప్పిన నిజాల్లో ఇదొకటి. నేను నోరు తెరిచేలోపే మాస్టారు తెరమీది రెండు అంకెలూ చూసి మనసులోనే భాగహారం చేసేశారు.

"వీడు మనమీద బాగానే వేసుకుంటున్నాడ్రా" అని ఫ్రాంకులు నొక్కి, పరీక్ష పేపరు దాచినట్టు అరచెయ్యి అడ్డం పెట్టి పిన్ కొట్టారు. రెండు టిక్కెట్లు వచ్చాయి. రెండూ ఆయనే అందుకుని, ఒకటి సిస్టరమ్మ చేతిలో పెట్టారు. రైలుకి ఇంకా ఆరు నిమిషాలుంది.

పైన మంచు మోకాలి లోతు. సిస్టరమ్మ వంగి దాన్ని వేళ్ళతో తాకి చూశారు. తర్వాత గుప్పెడు మంచు తీసి మాస్టారి అరచేతిలో పెట్టారు.

"క్యాలెండర్లో దీని కింద మందు పేరుండేదండీ. ఇక్కడ లేదు" అన్నారు నవ్వుతూ.

మాస్టారు ఆ మంచు కరిగేదాకా పట్టుకుని, నావైపు తిరిగారు. "ప్రసాదూ, నైన్త్‌లో నీ హోంవర్కు నోట్సు గేదె తినేసిందన్నావు. అదీ ఇంతేనా?"

"మాకు గేదె లేదండీ."

"నేను నమ్మి కొత్త నోట్సు కొనిచ్చా కదరా!" అని ఆయన పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ కొత్త నోట్సు అట్ట రంగు కూడా నాకు గుర్తొచ్చింది.

కోతలు మానేశానని చెబితే అదే పెద్ద కోత అవుతుంది. కానీ విని నవ్వేవాళ్ళే కాదు, విని దాని ప్రకారం నడుచుకునేవాళ్ళూ ఎదురుగా ఉంటారని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు మీటింగులో కోత మొదలుపెట్టే ముందు ముందు వరుస చూస్తాను. ఎవరైనా పెన్ను తీస్తే, ఆ మాట అక్కడే మింగేసి నిజం చెబుతాను.

కార్డు కథ మాత్రం ప్రతి మీటింగులోనూ చెబుతాను. నేను చెప్పేవాటిలో ఎవరూ నమ్మనిది ఇదొక్కటే. వెంకటేశ్వర్లును సాక్ష్యం అడిగితే, "నేను ముందు రైల్లో పోయిన్నన్నా, నేను చూళ్ళే" అని తప్పుకుంటాడు. అందుకే మాస్టారిని అడిగి ఆ ప్లాస్టిక్ తొడుగు తెచ్చుకున్నాను. నాలుగు వైపులా అంచు, మధ్యలో కార్డంత ఖాళీ. మొన్న దాన్ని చూపిస్తుంటే ఒకాయన, "కథ కోసం ఇది కూడా చేయించారా? ఎంతయిందండీ?" అన్నాడు.

"ఇరవై రూపాయలండీ, జగ్గయ్యపేట బస్టాండు పక్కన" అన్నాను.

అదీ నమ్మలేదు.